లాంగ్‌ఆర్మ్ మిషన్ మీద దారం తెగుతోందా? టెన్షన్ మర ముట్టుకునే ముందు చూడాల్సినవి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా ఆడపడుచు లాంగ్‌ఆర్మ్ మీద, అంటే బొంతలు కుట్టే పెద్ద మిషన్ మీద, పాత చీరలతో బొంతలు కుడుతుంది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"వదినా, పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు తెగింది దారం. టెన్షన్ లూజు చేశా, బిగించా, మళ్లీ లూజు చేశా. ఇప్పుడు అడుగున అంతా ఉచ్చులు ఉచ్చులుగా వస్తోంది."

"తెగిన కొస దాచావా?"

"కొసా? చెత్తబుట్టలో పడేశా. దేనికి?"

దేనికో ఫోన్లో చెప్తే ఒడిసేది కాదు. మర్నాడు విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్లి, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాం. ఆ వరసలోనే రాస్తున్నాను.

దారం తెగగానే ఎవరి చెయ్యైనా దారం బిగువు మార్చే టెన్షన్ మర మీదికే పోతుంది. నేనూ మొదటి ఏడాదంతా అదే చేశాను. కానీ నిన్నటి దాకా బాగా కుట్టిన మిషన్ మీద ఆ మర రాత్రికి రాత్రి తనంతట తాను తిరగదు కదా. వేరే చోట ఉన్న తప్పుకి దాన్ని తిప్పితే, ఉన్న తప్పు అలాగే ఉంటుంది, కొత్తది ఇంకొకటి వచ్చి చేరుతుంది. అందుకని బాగా కుడుతున్న రోజున మర మీద గోళ్లరంగుతో ఒక చుక్క, దాని ఎదురుగా మిషన్ ఒంటి మీద ఇంకో చుక్క పెట్టుకోండి. ఎంత తిప్పినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

ఇంకో మాట. మామూలు కుట్టు మిషన్‌లో గుడ్డ కదులుతుంది, మిషన్ కదలదు. ఇక్కడ గుడ్డ పది పన్నెండు అడుగుల ఫ్రేముకి బిగించి ఉంటుంది, మిషనే దాని మీద తిరుగుతుంది. సూది గుడ్డలో ఉండగానే మిషన్ పక్కకి లాగుతుంది కాబట్టి సూది వెంట్రుకవాసి వంగుతుంది. పైగా దారంలో ఏ ఒక్క చోటైనా కుట్టులో స్థిరపడేలోపు సూది బెజ్జంలో పదుల సార్లు ఇటూ అటూ రాసుకుంటుంది. మామూలు మిషన్ ఓర్చుకునే చిన్న గరుకును లాంగ్‌ఆర్మ్ ఓర్చుకోకపోవడానికి కారణం ఇదే.

కొస చూడండి

తెగిన పై దారం కొసని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ముదురు కాగితం మీదైతే తెల్లదారం ఇంకా బాగా కనిపిస్తుంది. చత్వారం ఉన్నవాళ్లు ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూసుకోవచ్చు.

పీచు పీచుగా విడిపోయి ఉంటే దారం ఎక్కడో రాసుకుని అరిగింది. మొద్దుబారిన సూది, దారానికి చాలని బెజ్జం, హుక్కు (సూది కింద తిరుగుతూ పై దారాన్ని అందుకునే భాగం) మీద గీత, గుడ్డలో జరీ లేదా జిగురు, వీటిలో ఏదో ఒకటి. శుభ్రంగా కత్తిరించినట్టుంటే ఎక్కడో పట్టుకుని ఒక్కసారిగా లాగింది: దారపు కోను కింద ఇరుక్కోవడం, దారం స్టాండు స్తంభానికి చుట్టుకోవడం, దారాన్ని మధ్యలో నొక్కిపట్టే టెన్షన్ డిస్కుల్లో మెలిపడటం, లేదా నిజంగానే టెన్షన్ ఎక్కువవడం. పాలిస్టర్ దారం కొస స్ప్రింగులా ముడుచుకుంటే తెగే ముందు బాగా సాగిందన్నమాట, అదీ బిగువు లక్షణమే. కొసన చిన్న గట్టి పూసలా తగిలితే సూది వేడికి కరిగింది.

ఎక్కడ తెగింది అన్నది కూడా చూడాలి. సూది దగ్గర కొస వేలాడుతుంటే తప్పు సూది, సూది దిగే కన్నమున్న ప్లేటు, హుక్కు వైపు ఉంది. పైన డిస్కుల దగ్గరే తెగిపోయి ఉంటే కోను వైపు వెతకండి.

మూడు నాలుగు సార్లు తెగాక ఒక వరస కూడా బయటపడుతుంది. మిషన్‌ని ఒకే దిక్కుకి, ముఖ్యంగా వెనక్కో ఏటవాలుగానో, నడిపినప్పుడే తెగితే సూది పక్కకి తిరిగి కూర్చుంది లేదా టైమింగ్, అంటే సూదీ హుక్కూ కలుసుకునే వేళ, జరిగింది. బొంతలో ఒకే రకం ముక్క మీదికి వచ్చినప్పుడల్లా తెగితే దోషం గుడ్డది. మొదలుపెట్టిన రెండు మూడు కుట్లలోనే తెగితే కింది దారం పైకి తీసి రెండు కొసలూ పట్టుకోకుండా మొదలుపెడుతున్నారు. ఏ వరసా లేకుండా తెగుతుంటే ముందు దారాన్నే అనుమానించండి. నేను ఫ్రేము అంచుకి చిన్న కాగితం అంటించి, తెగినప్పుడల్లా దిక్కుకి ఒక బాణం గీసుకుంటాను. అయిదు బాణాలు పడేసరికి సంగతి తెలిసిపోతుంది.

హుక్కులో మిగిలిన ముక్క

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. దారం తెగినప్పుడు ఒక చిన్న ముక్క కిందికి జారి హుక్కు చుట్టూ చుట్టుకుంటుంది. పైనుంచి మళ్లీ దారం ఎక్కించి మొదలుపెడతాం, ఆ ముక్క కొత్త దారాన్ని పట్టుకుంటుంది, మళ్లీ తెగుతుంది. మా ఆడపడుచు పద్నాలుగులో సగం ఇలాగే వచ్చాయని నా అనుమానం, ఎందుకంటే బాబిన్ కేసు తీసి చూస్తే లోపల మూడు రంగుల ముక్కలున్నాయి. ఆ రోజు తను వాడింది ఒక్క రంగే!

దారం తెగిన ప్రతిసారీ మిషన్ స్విచ్ ఆపి, బాబిన్ కేసు బయటికి తీసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ హుక్కు చుట్టూ టార్చి వేసి చూడండి. చిమటాతో ముక్కలు లాగేయండి, పీచుని చిన్న బ్రష్షుతో బయటికి దులపండి. నోటితో ఊదితే తేమా, పీచూ రెండూ లోపలికే పోతాయి.

తర్వాత హుక్కు తిరిగే గాడిలో ఒక్క చుక్క నూనె. బాబిన్ మార్చినప్పుడల్లా ఒక చుక్క అని చాలా మిషన్ల పుస్తకాల్లో ఉంటుంది, మీ పుస్తకం చూసుకోండి. మిషన్ నూనే వాడండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తే నాలుగు రోజులకి జిడ్డుకట్టి పీచునంతా పట్టుకుంటుంది. నూనె వేశాక పాత గుడ్డ మీద ఒక అడుగు కుట్టాకే బొంత మీదికి వెళ్లండి, మరక పడకుండా ఉంటుంది.

దారం నడిచే దారి

ఇప్పుడు పై దారం మొత్తం తీసేసి కోను నుంచి సూది దాకా మళ్లీ ఎక్కించండి. సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా సరే.

కోను పైన ఉండే కొక్కెం సరిగ్గా కోను నడినెత్తికి ఎదురుగా ఉండాలి. పక్కకుంటే దారం కోను అంచుకి రాసుకుంటూ వస్తుంది. జారుడు పాలిస్టర్ దారం దానంతట అదే కిందికి జారి కోను అడుగున చిక్కుకుంటుంది, వల తొడిగితే ఆగుతుంది. మన ఊళ్లలో ఇంకో శత్రువు ఫ్యాను. ఎండాకాలం నెత్తి మీద ఫ్యాను ఫుల్లుగా తిరుగుతుంటే కోనుకీ కొక్కేనికీ మధ్య దారం ఊగి ఊగి స్తంభానికి చుట్టుకుంటుంది. కొస శుభ్రంగా తెగి, ఏ వరసా దొరకకపోతే ఒక గంట ఫ్యాను కట్టేసి కుట్టి చూడండి. చెమట పడుతుంది గానీ కారణం తేలుతుంది.

ఇంటి మిషన్‌లో పాదం ఎత్తితే టెన్షన్ డిస్కులు తెరుచుకుంటాయి. లాంగ్‌ఆర్మ్‌లో చాలావాటికి అలా తెరుచుకోవు, ఎప్పుడూ మూసుకునే ఉంటాయి. కాబట్టి దారాన్ని రెండు చేతులతో పట్టుకుని, పళ్ల మధ్య దారం ఆడించినట్టు, డిస్కుల మధ్యకి దిగేదాకా లాగాలి. పైపైన కూర్చుంటే కాసేపు వదులుగా, కాసేపు బిగువుగా నడుస్తుంది. డిస్కుల మధ్య పీచు ఉందేమో ఒక బనియన్ గుడ్డ పీలిక లాగి చూడండి.

మూడు కన్నాల గైడు ఉన్న మిషన్ అయితే ఒక కిటుకు ఉంది. నాజూకు దారానికి మూడు కన్నాల్లోంచీ మెలితిప్పి తేనక్కర్లేదు, ఒకటో రెండో చాలు. టెన్షన్ మర ముట్టుకోకుండానే లాగుడు తగ్గుతుంది. డిస్కుల పక్కనుండే సన్న చెక్ స్ప్రింగు ప్రతి కుట్టుకీ ఎగిరి పడుతోందో లేదో కూడా చూడండి. వంగినా విరిగినా దారానికి వచ్చే కుదుపు నేరుగా సూది మీద పడుతుంది.

సూది

మా ఆడపడుచు అసలు తప్పు ఇక్కడ దొరికింది. లాంగ్‌ఆర్మ్‌లో ఎక్కువవాటికి వాడేది 134 రకం సూది, దాన్నే డీపీ ఇంటూ 5 అంటారు. దాని పిడి, అంటే మిషన్‌లో బిగించే పైభాగం, మందం సుమారు 2 మిల్లీమీటర్లు. మన టైలర్ల పవర్ మిషన్లకి వాడే డీబీ ఇంటూ 1 పిడి సన్నం, 1.6 మిల్లీమీటర్లే. షాపువాడు "ఇదీ గుండ్రటి పిడే అమ్మా, పడుతుంది" అని ఇచ్చాడు. పట్టింది, మర కూడా బిగిసింది. కానీ సన్నటి పిడి రంధ్రంలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, హుక్కుకీ సూదికీ ఉండాల్సిన సందు మారిపోయింది. పక్కపక్కన పెట్టి చూపించేదాకా తను నమ్మలేదు. కొనేటప్పుడు పాకెట్ మీద రకం చదవండి, మాట మీద కొనకండి.

సైజు విషయం. లాంగ్‌ఆర్మ్ కోసం గ్రోజ్-బెకర్ట్ కంపెనీ చేసే ఎంఆర్ రకం సూదుల్లో 3.5 అంటే మనకి తెలిసిన 16 నంబరు, 4.0 అంటే 18. 40 నంబరు దారానికి నేను 4.0తోనే మొదలుపెడతాను. సన్న సూదితో కన్నం చిన్నగా పడి అందంగా ఉంటుంది గానీ, అది ఎక్కువ వంగుతుంది, గాడిలో దారం సరిగ్గా దాక్కోదు. కొస పీచుపీచుగా ఉంటే ఒక సైజు పెంచడం అన్నిటికంటే చవకైన వైద్యం.

గుండ్రటి పిడికి చదును వైపు ఉండదు కాబట్టి సూది తిరిగి కూర్చునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పొడుగు గాడి మీ వైపుకి, బెజ్జం పైన ఉండే నొక్కు హుక్కు వైపుకి ఉండాలి. కంటితో తెలియకపోతే బెజ్జంలో ఒక గుండుసూది దూర్చండి. గుండుసూది తల సూటిగా మీ ఛాతీ వైపుకి చూడాలి. ఎడమకో కుడికో చూస్తుంటే మర వదులు చేసి సరిచేయండి. పైకి పూర్తిగా తగిలేదాకా నెట్టి, అప్పుడు బిగించండి. ఒకే దిక్కుకి తెగే జబ్బుకి బెజ్జాన్ని ఇసుమంత పక్కకి తిప్పితే కొన్ని మిషన్లలో కుదురుతుంది, కానీ ముందు సూటిగా పెట్టి చూశాకే ఆ ప్రయోగం.

సూది ఎప్పుడు మార్చాలంటే, పెద్ద బొంతకి ఒకటి అని నా లెక్క. గుడ్డలో దిగేటప్పుడు "టప్ టప్" మని చప్పుడొస్తే బొంత సగంలో ఉన్నా మార్చేస్తాను.

జరీ, గంజి, దూది

విదేశీ పుస్తకాల్లో ఇది దొరకదు, మన బొంతల్లో మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. మా అత్తగారి మంగళగిరి చీరలతో బొంత కుట్టేటప్పుడు నిజాం బార్డర్ అనే జరీ అంచు మీదికి వచ్చినప్పుడల్లా మూడంగుళాలకోసారి తెగింది. కొస పీచే. సూది తీసి గోటి మీద మొన గీస్తే గీత పడింది, మొన అప్పటికే వంకరపోయింది. కొత్త సూది వేస్తే రెండు బార్డర్లు దాటేసరికి అదీ పోయింది. జరీ లోహపు పూత ఉన్న దారం. సూదిని మొద్దు చేస్తుంది, పక్కనుంచి పోయే దారాన్నీ గీకుతుంది. చివరికి డిజైనునే మార్చాను: బార్డర్ మీద నిండుగా కుట్టకుండా, దాని రెండు అంచుల వెంబడి ఒక్కో గీత. మధ్యలో దాటక తప్పని చోట వేగం తగ్గించి, సూటిగా అడ్డంగా దాటాలి, జరీ వెంబడి ఏటవాలుగా పోకూడదు.

గంజి పెట్టిన చీరని ఉన్నపళాన బొంతలో వేయకండి. గంజి సూదికి అంటుకుంటుంది, వేడికి గట్టిపడుతుంది. ఒకటికి రెండుసార్లు నీళ్లలో జాడించి ఆరేశాకే కోయండి. కొత్త కలంకారీ గుడ్డకీ ఇదే మాట. ముక్కలు అతికించడానికి ఇస్త్రీతో అంటుకునే గమ్ గుడ్డ వాడితే సూది మీద జిగురు పేరుకుంటుంది, అప్పుడప్పుడు ఆపి స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి.

లోపల పరిచే దూది సంగతి. మన వైపు పత్తికి కొదవ లేదు కాబట్టి ఏకించిన దూది తెచ్చి పరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేతికుట్టు బొంతకి అది బాగుంటుంది. లాంగ్‌ఆర్మ్ కింద మాత్రం అందులో మిగిలిన గింజ పెంకులు సూదిని పక్కకి నెడతాయి. తప్పదనుకుంటే పరిచాక అరచేత్తో తడిమి, గరగరలాడే చోట ఏరేయండి. ఈ మిషన్‌కి తయారు బ్యాటింగే, అంటే పొరలా చేసి అమ్మే దూదే, సుఖం.

దారం మంచిదేనా?

ఒక మూర దారం తీసి రెండు చేతులతో లాగండి. సాగకుండా పుటుక్కున తెగితే అది పాతబడిపోయింది. కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఎండ తిన్న కోన్లు చూడ్డానికి కొత్తగానే ఉంటాయి. తర్వాత వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో ముడులు ఉంటే అది చవక స్పన్ పాలిస్టర్. విజయవాడ వన్‌టౌన్‌లో టైలర్ దారం కొంటే జాకెట్లకి బాగానే పనికొస్తుంది, నిమిషానికి వేలల్లో కుట్లు పడే ఈ మిషన్ మీద ఆ లావు ముడి బెజ్జం దగ్గర ఆగిపోతుంది. ఏ వరసా లేకుండా తెగుతుంటే, ఏ మార్పూ చేయకుండా వేరే మంచి కోను పెట్టి రెండడుగులు కుట్టండి. తెగకపోతే వెతుకులాట అక్కడితో సరి.

ఫ్రేము బిగుతు

బొంతను డప్పులా బిగించకండి. కింది నుంచి వేలితో పొడిస్తే, పై చేత్తో ఆ వేలికొసని మొదటి కణుపు దాకా పట్టుకోగలగాలి. బొంత నీడిల్ ప్లేటుకి తగిలీ తగలనట్టు ఉండాలి. రోలు చుట్టేకొద్దీ ఎత్తు మారుతుంది, చూసుకుంటూ రోలర్‌ను సర్దండి.

బాబిన్, ఆ తర్వాతే టెన్షన్

బాబిన్ మీద దారం గట్టిగా, సమంగా చుట్టుకోవాలి. వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతే మళ్లీ చుట్టండి. మిషన్ ఆగినా బాబిన్ ఇంకా గిర్రున తిరిగితే కింద గూడు కట్టి పై దారాన్ని లాగేస్తుంది, కేసులో బాబిన్‌ను ఆపే సన్న స్ప్రింగు ఉందో పోయిందో చూడండి.

కింది టెన్షన్ ముందు, పైది తర్వాత. బాబిన్ కేసును అరచేతిలో పెట్టుకుని దారం పైకి లాగితే కేసు నిలువుగా లేవాలి, చేతిని వదిలి గాల్లోకి మాత్రం లేవకూడదు. బాబిన్ దారం బిగువు కొలిచే టోవా గేజీ ఉన్నవాళ్లు 200 దరిదాపుల్లో మొదలుపెట్టి తమ దారానికి తగ్గట్టు మార్చుకుంటారు. కేసు మర గడియారం ముల్లు లెక్కన ఒకేసారి అయిదు నిమిషాలంత కంటే ఎక్కువ తిప్పకండి. అది కుదిరాక పై మర పట్టుకోండి. పై టెన్షన్ తగ్గిస్తే తెగడం ఆగి, అడుగున ఉచ్చులు రాకుండా ఉంటే తప్పు నిజంగా టెన్షన్‌దే. తెగడం ఆగి ఉచ్చులు వస్తుంటే మాత్రం రోగం కప్పేశారు, పోలేదు. చుక్కల దగ్గరికి వెనక్కి రండి.

ఈ పరీక్షలన్నీ బొంత మీద కాదు. అడుగు గుడ్డ పక్కకి నాలుగంగుళాలు ఎక్కువ ఉంచి, అక్కడ అదే బ్యాటింగ్, అదే రకం పై గుడ్డ ముక్క పెట్టి కుట్టండి.

ఇంకా తెగుతుంటే: గరుకు

ఎప్పుడైనా సూది విరిగిందా? అది విరిగేటప్పుడు ప్లేటునో హుక్కునో కొట్టి ఉంటుంది. ప్లేటు కన్నం అంచు, పాదం లోపలి అంచు, హుక్కు మొన, బాబిన్ కేసు అంచు, వీటి చుట్టూ సిల్కు చున్నీ కొస నెమ్మదిగా లాగండి. వేలికి తెలియని ముల్లు దానికి తెలుస్తుంది. ప్లేటు మీది చిన్న గరుకును 1500 నంబరు ఉప్పు కాగితాన్ని సన్న పుల్లకి చుట్టి మెల్లగా రుద్దితే పోతుంది. హుక్కు మొనని మాత్రం మీరు రుద్దకండి, మొన మొద్దుబారితే కుట్లు తప్పుతాయి.

ఇంకో దాపరికపు చోటు ఉంది. హుక్కు లోపలి భాగం తిరగకుండా ఒక చిన్న వేలులాంటి ముక్క పట్టి ఉంచుతుంది. ఆ రెంటి మధ్య దారం జారిపోయేంత సందు ఉండాలి. అది బిగిసిపోతే ప్రతి కుట్టుకీ దారం అక్కడ నలుగుతుంది.

టైమింగ్

తెగడంతో పాటు కుట్లు కూడా తప్పుతుంటే, అదీ సూది విరిగిన తర్వాత మొదలైతే, టైమింగ్ చూడాల్సిందే. మీరు చూడటం వరకే చేయండి. స్విచ్ ఆపి, ప్లేటు తీసి, చక్రం చేత్తో తిప్పండి. సూది అట్టడుగుకి దిగి, కొంచెం పైకి లేచే క్షణంలో హుక్కు మొన సూది వెనకనున్న నొక్కులోంచి, బెజ్జానికి కాస్త పైగా, సూదిని తాకీ తాకనట్టు పోవాలి. బెజ్జానికి ఎదురుగానో కిందనో పోతే, లేక రెంటి మధ్య మందమైన కాగితం పట్టేంత సందుంటే మెకానిక్‌ను పిలవండి.

హుక్కు మరలు విప్పకముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. మామూలు పవర్ మిషన్లు చేసే మెకానిక్ కూడా ఈ పని చేయగలడు, హుక్కు తిరిగే పద్ధతి ఒకటే. కాకపోతే ఆయన రెండు గీతలు ముందుకి కుట్టి "అయిపోయిందమ్మా" అంటాడు. ముందుకి కుట్టడం మన మిషన్‌కి పరీక్ష కాదు. కొత్త 134 సూది వేయించి, ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి, చివర ఒక సున్నా కుట్టించి, అడుగు వైపు చూశాకే డబ్బులివ్వండి.